డిగ్రీ ఆగుతుంది, డ్రాఫ్ట్ ఆగదు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు 2021లో, కాలేజీలో ఆడే అర్హత మిగిలుండగానే పేరు ఇచ్చుకున్న కుర్రాళ్లు, విదేశీయులతో కలిపి, 353 మంది. 2025లో 106 మంది. కొవిడ్ వల్ల కాలేజీ ఆటగాళ్లందరికీ అదనంగా ఒక ఏడాది దొరికింది కాబట్టి 2021 లెక్క కాస్త ఉబ్బిన మాట నిజమే. అయినా ఇంత తేడాకు అదొక్కటే కారణం కాదు. అమెరికా కుర్రాళ్లకు ఉన్నట్టుండి చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చిందా అంటే అదీ కాదు. కాలేజీలు డబ్బులివ్వడం మొదలుపెట్టాయి. అంతే.

అంతకుముందు ఏళ్ల తరబడి కోచ్‌లు, టీవీ వ్యాఖ్యాతలు, కాలమిస్టులు ఆ పిల్లలకు చెబుతూ వచ్చింది వేరు. తొందరపడొద్దు, ఇంకో ఏడాది ఆగు, డిగ్రీ ముఖ్యం, నీకింకా పరిణతి రాలేదు అని. వింటుంటే మన ఇళ్లలో మాటల్లాగే ఉంటాయి. 'ముందు డిగ్రీ చేతికి రానీ, తర్వాత నీ ఇష్టం' అనే మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారు? కాబట్టి ఈ చర్చలో మనకు తెలియకుండానే మనం కోచ్‌ల వైపు మొగ్గుతాం. నాకు మాత్రం ఆ సలహా వెనక ఉన్న లెక్క ఎప్పుడూ కుదిరినట్టు అనిపించలేదు. మొదటి రౌండులో ఎంపికవుతానన్న గట్టి భరోసా ఉన్న కుర్రాడు వెళ్లిపోవాలి. ఆ భరోసా లేనివాడు ఉండిపోవాలి. ఇందులో నైతికత, క్రమశిక్షణ, కృతజ్ఞత లాంటివి తెచ్చి కలిపేది ఎక్కువగా ఆ కుర్రాడు ఉండిపోతే లాభపడేవాళ్లే.

ఆట అంతగా తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లు ఐపీఎల్‌లోలా వేలంలోకి రారు. 30 జట్లు వరుస క్రమంలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. కింది స్థానాల్లో ఉన్న జట్లకు లాటరీ ద్వారా ముందు వరుస దక్కే అవకాశం ఎక్కువ. మొత్తం రెండే రౌండ్లు, అంటే దాదాపు 60 మంది. ఏ జట్టుకు ఆడాలో కుర్రాడి చేతిలో లేదు, ఎంత జీతం అడగాలో కూడా లేదు. 1994లో గ్లెన్ రాబిన్సన్ అనే కొత్త కుర్రాడు పది కోట్ల డాలర్లు అడిగి, చివరికి పదేళ్లకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాబట్టాడు. యజమానులు అదిరిపడ్డారు. మరుసటి ఏడాది నుంచే కొత్తవాళ్లకు జీతాల పట్టిక వచ్చేసింది. ఎన్నో స్థానంలో ఎంపికైతే ఎంత అన్నది ముందే రాసి ఉంటుంది.

కుర్రాడి చేతిలో మిగిలింది ఒక్కటే: ఎప్పుడు వెళ్లాలి అన్నది. దాన్ని కూడా మొదట్లో లాక్కున్నారు. హైస్కూల్ పూర్తయి నాలుగేళ్లు గడిస్తే గానీ ఎన్‌బీఏలోకి రాకూడదని ఒకప్పుడు నిబంధన ఉండేది. మిసిసిపీలో చిన్నప్పుడు పత్తి ఏరిన స్పెన్సర్ హేవుడ్ 1968 ఒలింపిక్స్‌లో అమెరికాకు ఆడాడు, ఆ తర్వాత ఏడాది కాలేజీలో ఆడాడు, పోటీ లీగైన ఏబీఏలో ఇంకో ఏడాది చెలరేగిపోయాడు. 1970లో సియాటెల్ జట్టు ఆయనతో ఒప్పందం చేసుకుంటే ఎన్‌బీఏ అడ్డుపడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో అక్కడ ఆయనకు ఊరట దొరికాక లీగ్ రాజీకి వచ్చింది. కానీ రాజీలోనూ ఒక మెలిక పెట్టారు. ఇంట్లో ఆర్థిక ఇబ్బంది ఉందని రుజువు చేసుకుంటేనే ముందుగా రానిస్తామన్నారు. పేదవాడినని కాగితం మీద రాసిస్తే తప్ప తన పని తాను చేసుకోవడానికి వీల్లేదన్నమాట. 1976 దాకా ఆ పద్ధతి నడిచింది.

ఆ తర్వాత తలుపు బాగానే తెరుచుకుంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయాంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చేశారు. వాళ్లతో పాటు అలా వచ్చి మూడు నాలుగు మ్యాచ్‌లకే కనుమరుగైనవాళ్లూ ఉన్నారు. 1998లో రెండో రౌండులో ఎంపికైన కార్లియోన్ యంగ్ ఎన్‌బీఏలో ఆడింది మూడంటే మూడు మ్యాచ్‌లు. 2005లో డేవిడ్ స్టెర్న్ కమిషనర్‌గా ఉండగా యజమానులు, ఆటగాళ్ల సంఘం కలిసి కొత్త నిబంధన రాసుకున్నారు. డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 నిండాలి, అమెరికా కుర్రాడైతే తన హైస్కూల్ క్లాసు బయటికొచ్చి ఒక సీజన్ గడవాలి. పిల్లల మేలు కోసమే అన్నారు. అసలు సంగతి వేరు. 18 ఏళ్లవాడిని చూసి అంచనా వేయడం కష్టం, తప్పు చేస్తే కోట్లు పోతాయి. ఇంకో ఏడాది ఎవరో ఒకరు వాడిని గట్టి పోటీలో ఆడించి చూపిస్తే జట్టుకు ఖర్చు లేకుండా సమాచారం వస్తుంది. ఆ 'ఎవరో ఒకరు' కాలేజీలు. సంఘంలోని పాత ఆటగాళ్లకు తమ కొలువులు ఇంకో ఏడాది భద్రం. బేరంలో లేనివాడు ఒక్కడే, హైస్కూల్ కుర్రాడు.

అలా పుట్టిందే 'వన్ అండ్ డన్'. ఒక్క ఏడాది కాలేజీ, తర్వాత సెలవు. కెవిన్ డ్యురాంట్, డెరిక్ రోజ్, ఆంథోనీ డేవిస్ అందరూ ఆ దారిలో వచ్చినవాళ్లే. కోచ్ జాన్ కాలిపారి కెంటకీ యూనివర్సిటీలో దీన్ని ఒక పద్ధతిగా మార్చేశాడు. 2010లో ఆ ఒక్క కాలేజీ నుంచే ఐదుగురు మొదటి రౌండులో వెళ్లారు. ఇక ఈ ఏడాది చదువు ఎలా ఉండేదో చూడాలంటే బెన్ సిమన్స్‌ని చూడాలి. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఆడిన ఆ ఆస్ట్రేలియా కుర్రాడు 2016లో మొదటి పిక్, అంటే అందరికన్నా ముందు ఎంపికైనవాడు. కానీ మార్కులు సరిపోక ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే వుడెన్ అవార్డు పోటీకే అర్హత పోగొట్టుకున్నాడు. రెండో సెమిస్టర్‌లో క్లాసులకు వెళ్లి ఏం లాభమని తర్వాత ఒక డాక్యుమెంటరీలో తానే తేల్చేశాడు. నిజమే మరి. మొదటి సెమిస్టర్ గట్టెక్కితే మార్చి దాకా ఆడొచ్చు, ఏప్రిల్‌లో వెళ్లిపోవచ్చు. చదువు పేరుతో పెట్టిన నిబంధన చదువును ఎంత పలచన చేసిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం, ఎందుకంటే మొత్తం విషయం ఇక్కడే ఉంది. మొదటి రౌండులో ఎంపికైతే నాలుగేళ్ల ఒప్పందం, అందులో మొదటి రెండేళ్లకు పూర్తి గ్యారంటీ. మోకాలు విరిగినా, ఆట మరిచిపోయినా డబ్బు వచ్చి తీరుతుంది. తర్వాతి రెండేళ్లు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. 2025లో మొదటి పిక్ అయిన కూపర్ ఫ్లాగ్‌కు నాలుగేళ్లకు సుమారు 6.3 కోట్ల డాలర్లు. ముప్పయ్యో పిక్‌కు కూడా తొలి రెండేళ్లకే 50 లక్షల డాలర్ల పైమాటే. ముప్పయ్యొకటో పిక్ నుంచి ఆ పట్టిక వర్తించదు, గ్యారంటీ లేదు. బేరమాడుకోవాలి. అదృష్టం బాగుంటే కనీస జీతం, అంటే 2025-26లో కొత్తవాడికి దాదాపు 12.7 లక్షల డాలర్లు. లేకపోతే ఎన్‌బీఏకూ, దాని కింది లీగ్‌కూ మధ్య తిరిగే టూవే కాంట్రాక్టు, అందులో సగం. అదీ లేకపోతే ఆ కింది లీగే, జీ లీగ్. అక్కడ ఏడాదికి 40 వేల డాలర్లకు కాస్త ఎక్కువ. అమెరికాలో మాస్టర్స్ చేసి తొలి ఉద్యోగంలో చేరిన మనవాళ్ల జీతం సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అంటే 30కి, 31కి మధ్య ఉన్నది ఒక్క స్థానం కాదు, పెద్ద అగాధం. త్వరగా వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లు ముందు అడగాల్సింది నువ్వు ఆ గీతకు ఇటున్నావా అటున్నావా అని.

దీనికన్నా తక్కువ మంది పట్టించుకునే లెక్క ఇంకోటి ఉంది. అసలు డబ్బు మొదటి ఒప్పందంలో లేదు, రెండోదాంట్లో, మూడోదాంట్లో ఉంది. ఎన్‌బీఏలో ఒక ఆటగాడు గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చన్నది అతని ప్రతిభ కన్నా ఎక్కువగా సర్వీసు మీద ఆధారపడుతుంది. మొదటి ఆరేళ్లలో జట్టు జీతాల పరిమితిలో 25 శాతం, ఏడేళ్లు నిండితే 30, పదేళ్లు నిండితే 35. ఇక్కడ గడియారం లీగ్‌లో అడుగుపెట్టిన రోజు నుంచే తిరుగుతుంది. 19 ఏళ్లకు వచ్చినవాడు 23 ఏళ్లకు పట్టిక జీతం నుంచి బయటపడతాడు, 29కి పదేళ్ల సర్వీసు పూర్తి చేసుకుంటాడు, అప్పటికి ఒళ్లు ఇంకా సహకరిస్తూనే ఉంటుంది. నాలుగేళ్లు చదివి 22కి వచ్చినవాడికి ఆ పదేళ్లు నిండేసరికి 32. అప్పుడు అతనికి భారీ ఒప్పందం ఇవ్వడానికి ఏ జట్టయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. కాలేజీలో ఉండిపోయిన మూడేళ్లలో పోయేది ఆ వయసులో వచ్చే చిన్న జీతం మాత్రమే అనుకుంటే పొరపాటు. కెరీర్ చివర్లో రావాల్సిన పెద్ద జీతాలు పోతాయి. పైగా చాలామంది కెరీర్ ఐదేళ్లు కూడా దాటదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఈ వృత్తికి సరిపోయినంతగా మరోదానికి సరిపోదేమో.

జట్లు కూడా ఇదే గడియారాన్ని చూస్తాయి, వాళ్ల వైపు నుంచి. జేలెన్ బ్రన్సన్ విల్లనోవా యూనివర్సిటీలో మూడేళ్లు ఆడి, రెండు జాతీయ టైటిళ్లు గెలిచి, 2018లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడిగా నిలిచి, మూడేళ్లలోనే డిగ్రీ కూడా పూర్తి చేసి డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. పెద్దలు చెప్పే మాటలన్నీ అక్షరాలా పాటించినవాడు. ముప్పై మూడో స్థానంలో తీసుకున్నారు. 'ఎత్తు తక్కువ, వయసు ఎక్కువ, ఇంతకన్నా ఏం పెరుగుతాడు' అన్నది లెక్క. 21 ఏళ్లకు 'వయసు ఎక్కువ' అనిపించుకునే ఉద్యోగాలు లోకంలో ఎన్ని ఉంటాయి? ఆ అంచనా ఎంత తప్పో న్యూయార్క్ నిక్స్ అభిమానులకు ఇప్పుడు బాగా తెలుసు. కానీ డ్రాఫ్ట్ రోజున చెల్లేది ఆ అంచనానే.

ఉండిపోయి నష్టపోయినవాళ్ల జాబితా తీస్తే ఇలాగే ఉంటుంది. 2016లో కాలిఫోర్నియా యూనివర్సిటీ మొదటి ఏడాది విద్యార్థి ఐవన్ రాబ్ మొదటి రౌండులోనే పోతాడని అందరూ అనుకున్నారు. ఉండిపోయాడు. మరుసటి ఏడాది ముప్పై ఐదో పిక్, అంటే గీతకు అవతల. జేరెడ్ సలింజర్ 2011లో ఒహాయో స్టేట్‌లో ఆగిపోయాడు. 2012కి వెన్ను సమస్య బయటపడి 21వ స్థానానికి జారాడు. ఫ్లోరిడాకు 2006 టైటిల్ అందించిన జోకిమ్ నోవాను అప్పుడే మొదటి పిక్ అవుతాడన్నారు. స్నేహితులతో ఇంకో ఏడాది ఆడాలని ఆగాడు, మళ్లీ టైటిల్ గెలిచాడు, 2007లో తొమ్మిదో పిక్ అయ్యాడు. నోవాది మాత్రం నేను తప్పు అనను. కాలేజీ రోజులు మళ్లీ రావనుకున్నాడు, అది అతని ఇష్టం. అయితే వాళ్ల నాన్న యానిక్ నోవా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన టెన్నిస్ స్టార్ అని మరిచిపోకూడదు. ఇంట్లో అద్దె కట్టాల్సిన కుర్రాడికి ఆ ఇష్టం ఖరీదు వేరేగా ఉంటుంది.

మరి త్వరగా వెళ్లి దెబ్బతిన్నవాళ్ల సంగతి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ముందు వినిపించే పేరు ఆంథోనీ బెనెట్. లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి 2013లో మొదటి పిక్ అయ్యాడు. నాలుగు సీజన్లలో నాలుగు జట్లు మారి ఎన్‌బీఏ నుంచి బయటికొచ్చేశాడు. 'చూశారా, ఇంకో ఏడాది ఆగి ఉంటే' అంటారు. ఆగి ఉంటే ఏమయ్యేది? ఆటలోని లోపాలు కాలేజీలోనే బయటపడేవి, మొదటి పిక్ కాస్తా ఇరవయ్యో ముప్పయ్యో అయ్యేది. వెళ్లాడు కాబట్టే తొలి రెండేళ్లలోనే కోటి డాలర్లకు పైగా అందుకున్నాడు. అతన్ని తీసుకుని క్లీవ్‌లాండ్ నష్టపోయింది, అతను కాదు. విఫలమైనవాళ్ల ఉదాహరణలు ఎక్కువ భాగం త్వరగా వెళ్లడానికే వాదనలవుతాయి. తన మీద లోకం పెట్టుకున్న అంచనా తన అసలు విలువ కన్నా ఎక్కువగా ఉన్నప్పుడే అమ్ముకోవాలి. ఇది వినడానికి బాగుండదు, ఆ కుర్రాడి మొహం మీద ఎవరూ అనలేరు, కానీ లెక్క అదే. అదే డ్రాఫ్ట్‌లో నెర్లెన్స్ నోయెల్ పేరు మొదటి పిక్‌గా వినిపించేది. ఫిబ్రవరిలో కెంటకీకి ఆడుతూ మోకాలి ఏసీఎల్ తెగింది. ఆరో స్థానానికి పడ్డాడు, అయినా వెళ్లాడు, మొదటి సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ ఆడకుండా జీతం తీసుకున్నాడు. కాలేజీలో ఆగి ఉంటే ఆ ఏడాదంతా ఫిజియోథెరపీ, ఉచిత భోజనం.

ఇక ఉండిపోయి బాగుపడ్డవాళ్లుగా చూపించే పేర్లున్నాయి. నాలుగేళ్లు వీబర్ స్టేట్‌లో ఆడిన డేమియన్ లిలర్డ్, నాలుగేళ్లు మిచిగాన్ స్టేట్‌లో ఆడిన డ్రేమాండ్ గ్రీన్. ఈ ఉదాహరణల్లో ఒక చిన్న మోసం ఉంది. మొదటి ఏడాది వాళ్లకు మొదటి రౌండు ఆహ్వానమేమీ లేదు. వదులుకున్నదేమీ లేనప్పుడు ఉండిపోవడం త్యాగం కాదు. నిజంగా పెద్ద అవకాశం వదులుకుని, దాని వల్ల ఏమీ నష్టపోనివాడంటే నాకు తట్టే పేరు టిమ్ డంకన్. చదువు పూర్తి చేస్తానని అమ్మకు మాటిచ్చాడు. అతనికి పద్నాలుగో ఏడు రాకముందే ఆమె క్యాన్సర్‌తో పోయింది. వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ ఉండి సైకాలజీలో డిగ్రీ తీసుకుని 1997లో మొదటి పిక్ అయ్యాడు, శాన్ ఆంటోనియోకు ఐదు టైటిళ్లు తెచ్చాడు. అమ్మకిచ్చిన మాట ముందు ఏ పట్టికా నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ డంకన్‌ను చూపించి మిగతావాళ్లను ఆపడం న్యాయం కాదు. అలాంటి ఆటగాడు తరానికి ఒకడు.

డిగ్రీ గురించి కోచ్‌లందరూ స్వార్థంతోనే మాట్లాడారనడం కూడా సరికాదు. నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ అని ఒకాయన ఉండేవాడు. మంచి ఆటగాడు మూడో ఏడాది పూర్తి చేశాక ఆయనే ఎన్‌బీఏ జట్లకు ఫోన్లు చేసి వీడిని ఎన్నో స్థానంలో తీసుకుంటారని కనుక్కునేవాడు. ముందు వరుసలో ఉంటాడని తేలితే, నా జట్టుకు నష్టమైనా సరే, వెళ్లిపో అని చెప్పేవాడు. 1982లో జేమ్స్ వర్తీకి, 1984లో మైఖేల్ జోర్డాన్‌కు అలాగే చెప్పాడు. ఒకటే కోరేవాడు, ఎప్పటికైనా తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేయమని. జోర్డాన్ 1986లో పూర్తి చేశాడు. 1998లో మూడేళ్లకే వెళ్లిపోయిన విన్స్ కార్టర్ కథ ఇంకా రసవత్తరం. 2001 మే 20న ఉదయం చాపెల్ హిల్‌లో స్నాతకోత్సవానికి హాజరై, సాయంత్రానికి ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్‌కు టొరంటో తరఫున దిగాడు. చివరి సెకన్లలో అతను వేసిన షాట్ తప్పింది, టొరంటో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఇక చూస్కోండి, నెలల తరబడి జనం ఆ డిగ్రీ గౌన్‌నే తిట్టారు. చదువు వదిలేసినా తిడతారు, పూర్తి చేసినా తిడతారు.

షకీల్ ఓనీల్ 1992లో వెళ్లి 2000లో పట్టా తీసుకున్నాడు. స్టెఫెన్ కరీ 2009లో డేవిడ్‌సన్ కాలేజీ వదిలి 2022లో పూర్తి చేశాడు, అప్పటికి ముగ్గురు పిల్లల తండ్రి. డిగ్రీ 34 ఏళ్లకు కూడా వస్తుంది. మొదటి రౌండు కాంట్రాక్టు రాదు. మన దగ్గర ఈ వాదన అంత తేలిగ్గా ఎక్కదు, చదువు మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదలుపెట్టడం మన కాలేజీల్లో ఎంత కష్టమో తెలుసు కాబట్టి. అమెరికా యూనివర్సిటీల్లో క్రెడిట్లు అలాగే ఉంటాయి, ఎప్పుడో వచ్చి మిగతావి కట్టుకోవచ్చు. ఆ తేడా మరిచిపోయి మన భయాలను వాళ్ల మీద వేయకూడదు.

ఇదంతా కాలేజీ పైసా ఇవ్వని రోజుల లెక్క. అప్పుడు ఆ ఆట మీద ఎంత డబ్బు తిరిగేదో చూస్తే కోపమొస్తుంది. కాలేజీ జట్ల మార్చి నెల టోర్నమెంట్ టీవీ హక్కులకు సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లు ఇచ్చాయి, 2016లో మరో ఎనిమిదేళ్లకు 880 కోట్లు కలిపాయి. ఆడే కుర్రాడికి స్కాలర్‌షిప్, భోజనం, హాస్టల్ గది. 1995లో యూసీఎల్‌ఏకు టైటిల్ అందించిన ఎడ్ ఒబానన్ నాలుగేళ్లూ కాలేజీలోనే ఉన్నవాడు. ఎన్‌బీఏలో ఎక్కువ కాలం నిలవలేదు. కార్ల షోరూంలో పనిచేసుకుంటున్న రోజుల్లో ఒక స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్‌లో తన బొమ్మే ఆడుతుండటం చూశాడు. దానికి తనకు పైసా రాలేదు. 2009లో కేసు వేశాడు. ఆ దారిలోనే 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకాభిప్రాయంతో, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో మరో ఒప్పందానికి కోర్టు ఆమోదం వచ్చి, ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచే వీలు కలిగింది.

దాంతో ఆ గీత పక్కకు జరిగింది. 25వ స్థానం నుంచి 60వ స్థానం మధ్య ఊగిసలాడే కుర్రాడికి ఇప్పుడు కాలేజీయే ఎక్కువ ఇస్తోంది. 2025లో యాక్సెల్ లెండెబోర్గ్ మొదటి రౌండు చివర్లో ఎంపిక కావచ్చని అంచనాలున్నా పేరు వెనక్కి తీసుకుని మిచిగాన్‌లో చేరాడు. అక్కడ అతనికి ముట్టేది మిలియన్లలోనే అని వార్తలొచ్చాయి. హైస్కూల్ కుర్రాళ్లకు జీతమిచ్చి కాలేజీకి ప్రత్యామ్నాయంగా నిలవాలని ఎన్‌బీఏ 2020లో పెట్టుకున్న జీ లీగ్ ఇగ్నైట్ జట్టు 2024లో మూతపడింది. కాలేజీలే జీతమిస్తుంటే దాంతో పనేముంది? ఇంకో సంగతి గమనించాలి. ఇదివరకు 'డిగ్రీ పూర్తి చెయ్' అని చెప్పిన గొంతులు, ఇప్పుడు ఆటగాళ్లు ఏడాదికో కాలేజీ మారి నాలుగేళ్లలో మూడు క్యాంపస్‌లు తిరుగుతుంటే డిగ్రీ మాటే ఎత్తడం లేదు. కుర్రాడు తమ దగ్గర ఆడుతున్నంత కాలం చదువు ఎలా సాగినా వాళ్లకు అభ్యంతరం లేదని ఇప్పుడు తేలిపోయింది.

ఈ కొత్త డబ్బు అందరికీ అందదు, ఇక్కడే మన పాఠకులకు బాగా తెలిసిన ఒక చిక్కు ఉంది. ఎఫ్-1 వీసా. సీపీటీ, ఓపీటీ అంటే ఏమిటో తెలియని తెలుగు కుటుంబం అరుదు కదా. అదే వీసా మీద ఉన్న విదేశీ ఆటగాడు, పక్కనున్న అమెరికా సహచరుడిలా షూ కంపెనీ ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే వీసాకే ఎసరొస్తుంది. కెంటకీలో ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే 2022లో దేశంలోనే ఉత్తమ ఆటగాడు. ఆ ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ దాటాక, ప్రకటనల పని పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. పర్డ్యూలో ఆడిన కెనడా పొడుగరి జాక్ ఈడీది మరో రకం. 2023లో పేరు వెనక్కి తీసుకుని ఉండిపోయాడు, జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, 2024లో తొమ్మిదో పిక్ అయ్యాడు. ఆగి లాభపడ్డ అరుదైన కేసు. అతను ఆగినప్పుడు చేతిలో ఉన్నది మొదటి రౌండు భరోసా కాదు, రెండో రౌండు అంచనా. కాబట్టి నేను చెప్పే సూత్రానికి అతను విరుద్ధం కాదు.

మన దేశం పేరున్న రెండు కథలూ ఈ గీతకు అవతలివే. పంజాబ్‌లోని బల్లోకే ఊరి నుంచి ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లిన సత్నాం సింగ్ కాలేజీలో చేరకుండానే 2015లో డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. డాలస్ 52వ స్థానంలో తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడని మన దగ్గర పండగ చేసుకున్నారు. 52వ పిక్ అంటే ఏమిటో ఆ పండగలో ఎవరూ చెప్పలేదు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, కింది లీగ్‌లో కొంతకాలం ఆడి, చివరికి ప్రొఫెషనల్ రెజ్లింగ్ వైపు వెళ్లాడు. పంజాబీ మూలాలున్న కెనడా కుర్రాడు, ఏడడుగుల ఐదంగుళాల సిమ్ భుల్లర్ న్యూ మెక్సికో స్టేట్‌లో రెండేళ్లు ఆడి 2014లో వదిలేశాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. మరుసటి ఏడాది శాక్రమెంటో పది రోజుల కాంట్రాక్టు ఇస్తే మూడు మ్యాచ్‌లలో కాసేపు కోర్టు మీద నిలబడ్డాడు. నా ఉద్దేశంలో భుల్లర్ ఉండాల్సింది. మొదటి రౌండులో అతని పేరు ఎక్కడా లేదు, ఇంకా రెండేళ్ల అర్హత మిగిలి ఉంది.

నిబంధనల్లో నాకు బాగా అన్యాయంగా కనిపించేది ఇక్కడే. పరీక్షల కోసం పేరు ఇచ్చి, జట్ల ముందు ఆడి చూపించి, అభిప్రాయాలు విని, గడువులోపు వెనక్కి తగ్గడానికి ఇప్పుడు వీలుంది. ఆ సౌకర్యం 2016 తర్వాత బాగా మెరుగుపడింది. కానీ గడువు దాటి పేరు ఉంచేసి, ఎవరూ ఎంచుకోకపోతే, భుల్లర్ లాంటివాడికి కాలేజీ తలుపు మూసేశారు. ఒక ఇంటర్వ్యూలో ఫెయిలైనందుకు కాలేజీ నుంచి పేరు కొట్టేసినట్టు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ నాయకత్వంలోని కమిషన్ 2018లో ఈ వన్ అండ్ డన్ పద్ధతిని ఎత్తేయమంది, డ్రాఫ్ట్‌లో ఎంపిక కానివాళ్లను తిరిగి ఆడనివ్వాలని కూడా చెప్పింది. పెద్దగా మార్పు రాలేదు. ఈలోగా 2023లో 31వ పిక్‌గా ఎంపికైన నైజీరియా కుర్రాడు జేమ్స్ నాజీ, యూరప్‌లో ఆడి, 2025 డిసెంబరులో బేలర్ యూనివర్సిటీలో చేరిపోయాడు. డ్రాఫ్ట్ అయినవాడు కాలేజీకి రావచ్చు, డ్రాఫ్ట్ కానివాడు మాత్రం రాకూడదు అనడంలో అర్థమేమిటో నాకు తెలియదు.

వయసు నిబంధన మాటకొస్తే, ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ కొన్నేళ్ల క్రితం మళ్లీ 18కి తగ్గించడానికి సానుకూలంగానే మాట్లాడాడు. 2023లో కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ ఊసు బల్ల మీదికొచ్చి పక్కకు పోయింది. ఆ ఒప్పందం 2029-30 సీజన్ దాకా ఉంది. అప్పటిదాకా హైస్కూల్ ముగించిన కుర్రాడు, లెబ్రాన్ అంతటివాడైనా సరే, ఏడాది ఆగాల్సిందే. ఆ ఏడాదికి ఇప్పుడు జీతం వస్తోంది కాబట్టి ఎవరూ పెద్దగా గొడవ చేయడం లేదు.